ఈ పుస్తకం ఎవరికి?

చర్చి లైబ్రరీకి మంచి పుస్తకాలు చెప్పమని మిమ్మల్ని అడిగారనుకోండి. వెంటనే పేర్లు చెప్పకండి. ముందు మీరే ఒక ప్రశ్న వేయండి: మీ సంఘంలో చదివేది ఎవరు? యువత, స్త్రీలు, పిల్లలు అని జవాబొస్తే ఊరుకోకండి. మనుషులు కావాలి. ఇంజినీరింగ్‌లో సబ్జెక్టులు తప్పి, ఆదివారం వెనక బెంచీలో కూర్చుని ఎవరికీ కనబడకుండా వెళ్ళిపోతున్న కుర్రాడు. పోయిన వేసవిలో భర్తను సమాధి చేసి, ఇంకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని అమ్మ. ఓడలో ఏనుగులు పడుకోవడానికి చోటెలా సరిపోయిందని సండే స్కూల్ టీచర్‌ను నిలదీసే పిల్ల. కమిటీ మీటింగుల్లో గొడవలతో విసిగిపోయిన సంఘపెద్ద. వీళ్ళు కళ్ళముందు నిలబడితే పుస్తకాలు వాటంతట అవే గుర్తొస్తాయి. వీళ్ళను తలచుకోకుండా తయారైన జాబితా ఎంత గొప్పదైనా బీరువాకే పనికొస్తుంది.

చాలా చర్చిల్లో బీరువాలు అలాగే నిండాయి. అతిథులు వదిలివెళ్ళిన ఇంగ్లిష్ వ్యాఖ్యానాలు, ఎవరో ఇల్లు మారుతూ ఇచ్చిన ప్రసంగాల సంపుటాలు, కట్ట విప్పని కరపత్రాలు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆయన రాని ఆదివారం లైబ్రరీ లేనట్టే. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకం ఉన్నది వాడటానికేనన్నది మొదటిది. చదువరికి తన పుస్తకం, పుస్తకానికి తన చదువరి దొరకాలన్నవి ఆ తర్వాతి రెండూ. తెలుగువాళ్ళకు ఈ ఆలోచన కొత్తది కాదు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైనప్పటి నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా, ఊరి చేత చదివించడాన్ని ఒక ఉద్యమంగా నడిపిన నేల ఇది. సంఘంలో ఆ పని చేయడానికి పెద్ద గది అక్కర్లేదు, పెద్ద చందా అక్కర్లేదు. మనిషిని గమనించి, తగిన పుస్తకం తెచ్చి చేతికిచ్చే ఒక్కరు ఉంటే చాలు. ఆ ఒక్కరు మీరే ఎందుకు కాకూడదు?

ఇందులో మొట్టమొదటి కట్టుబాటు ఇది: మీరు చివరి పేజీ దాకా చదవని పుస్తకాన్ని ఎవరికీ చెప్పకండి. అట్ట బాగుందనో, రాసినవారు పేరున్న బోధకులనో, ఫలానా పెద్దాయన మెచ్చుకున్నారనో చెప్పకండి. 'చాలా ఆశీర్వాదకరంగా ఉంటుంది బ్రదర్' అనే మాట ఏ పుస్తకానికైనా సరిపోతుంది, అందుకే ఎవరినీ కదిలించదు. అదే మీరు చదివి ఉంటే ఇంకోలా మాట్లాడతారు: 'అక్కా, మొదటి నలభై పేజీలు కాస్త నిదానంగా నడుస్తాయి, ఓపిక పట్టు. జైలు ఘట్టం నుంచి నువ్వే వదలవు.' ఈ రెండు వాక్యాలు చెప్పగలగాలంటే చదవాల్సిందే. చదివినవాళ్ళ మాటకు సంఘంలో మెల్లగా ఒక విలువ ఏర్పడుతుంది. దాన్ని ఒక్క చెత్త సిఫారసుతో పోగొట్టుకోకండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, జీవిత కథలతో. సిద్ధాంత గ్రంథాలు తర్వాత. ఎందుకంటే సంఘంలో కొత్తగా పుస్తకం పట్టుకునేవారికి కావలసింది వాదన కాదు, తోడు. తనలాగే భయపడి, తనలాగే దేవుణ్ని ప్రశ్నించి, అయినా నిలబడిన ఒక మనిషి కావాలి. ఇంటర్ చదివే అమ్మాయికి పండిత రమాబాయి జీవితం ఇచ్చి చూడండి. 1858లో పుట్టిన ఆమెకు తండ్రి సంస్కృతం చదివించాడు, ఆడపిల్లకు శాస్త్రాలేమిటని లోకం అడ్డుపడుతున్న రోజుల్లో. కరువులో తల్లిదండ్రులు పోయారు. ఇరవయ్యేళ్ళకు కలకత్తా పండితులు బిరుదులిచ్చారు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు, చేతిలో పసిపాప. అక్కడితో ఆగిపోతే ఎవరూ ఆమెను తప్పుపట్టేవారు కాదు. ఆమె ఆగలేదు. ఇంగ్లండ్ వెళ్ళింది, క్రైస్తవురాలయింది, అమెరికాలో ఊరూరా తిరిగి మన దేశపు వితంతువుల కోసం మాట్లాడింది, తిరిగొచ్చి 1889లో శారదా సదన్ తెరిచింది. తర్వాత కేడ్గావ్‌లో ముక్తి మిషన్ కట్టి, కరువు మింగబోయిన ఆడపిల్లలను తెచ్చుకుని చదువూ పనీ నేర్పింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీలోకి తెచ్చింది. దాని ముద్రణ పనిలో ఆ ఆడవాళ్ళే పాలుపంచుకున్నారు. ఈ పుస్తకం చదివిన అమ్మాయికి వ్యక్తిత్వ వికాసం గురించి విడిగా క్లాసు పీకనవసరం లేదు.

రమాబాయి పక్కనే లక్ష్మీబాయి తిలక్ 'స్మృతిచిత్రే' పెట్టండి. మరాఠీ ఆత్మకథల్లో ఎన్నదగిన పుస్తకం, ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. భర్త నారాయణ వామన తిలక్ 1895లో క్రైస్తవుడైనప్పుడు ఆమె కుప్పకూలిపోయింది, కొన్నేళ్ళు వేరుగా ఉండిపోయింది. మడి, ఆచారం ఆమె రక్తంలో ఉన్నాయి. ఎవరి ఒత్తిడీ లేకుండా, ఒక్కో మెట్టూ తనంతట తాను దిగుతూ, కులం మనుషులు కట్టుకున్నదేనని తనకు తానే తెలుసుకుంది. ఆమె కథలో దుఃఖం ఉన్నంతగా నవ్వూ ఉంది. ఇంట్లో ఒకరు నమ్మి ఒకరు నమ్మని కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో. ఆ ఇళ్ళలోని భార్యలకూ భర్తలకూ ఇంతకన్నా నిజాయితీ గల తోడు నాకు తెలియదు.

ఇక మన నేల మీది పుస్తకాలు. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయమే ఉంది: గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర' లేని తెలుగు చర్చి లైబ్రరీ అసంపూర్ణం. 1895లో వినుకొండలో పుట్టిన ఆ మహాకవికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిపెట్టిన కావ్యం అది. తెలుగు పద్యంలో క్రీస్తు కథ, అదీ అంత చేయి తిరిగిన కవి చేతిలో. హిందూ పురాణ కథల మీద పద్యాలు రాశాడని ఒకప్పుడు క్రైస్తవులే ఆయన్ని తప్పుపట్టారు. అంటరానివాడని మిగతావాళ్ళు దూరం పెట్టారు. ఇటూ అటూ దెబ్బలు తిన్న ఆ మనిషి పుస్తకాన్ని ఇవాళ మన షెల్ఫులో ముందు వరుసలో పెట్టుకోవడం మన బాధ్యత. పక్కనే 1941 నాటి 'గబ్బిలం' కూడా ఉండాలి. అది క్రైస్తవ గ్రంథం కాదు కదా అంటారేమో. గుడిలోకి పోలేని మనిషి తన గోడును గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి పంపుకునే కావ్యం చదవకుండా, మన తాతముత్తాతలు ఏ ఆకలితో చర్చి మెట్లెక్కారో ఈ తరం పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఆ ఆకలిని చూపించే ఇంకో పుస్తకం 'వైల్ సోయింగ్ శాండల్స్'. 1899లో వచ్చింది, రాసింది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఒంగోలు మిషన్‌లో పనిచేసిన ఆమె, చెప్పులు కుట్టే మాదిగ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ళ జ్ఞాపకాలు, వాళ్ళ దేవతలు, గురువుల గురించి విని రాసుకుంది. ఆమె భర్త జాన్ క్లౌ పేరు ప్రకాశం, గుంటూరు, నెల్లూరు సంఘాల్లో చాలామంది వినే ఉంటారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడాయన. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను మనం వేదికల మీద చాలాసార్లు చెప్పుకుంటాం. ఆ 2,222 మంది ఎవరు, ఏం పనిచేసేవారు, ఏం పాడుకునేవారు అన్నది తెలియాలంటే ఎమ్మా పుస్తకమే దారి. పాత పుస్తకం కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ కాలపు మిషనరీ చూపు అందులో అక్కడక్కడ కనిపిస్తుంది. ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వండి.

ఎమ్మా చేసిన పనిని మీ సంఘం కూడా చేయవచ్చు. మీ ఊళ్ళో మొదట నమ్మిన కుటుంబం ఏది, తాటాకుల ప్రార్థన మందిరం ఎప్పుడు వేశారు, ఎవరు రాళ్ళు మోశారు అన్నవి గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నప్పుడే యూత్ పిల్లలను కూర్చోబెట్టి రాయించండి. ఫోన్‌లో రికార్డు చేసి తర్వాత ఎత్తి రాసినా సరే. ఆ నోటుపుస్తకాన్ని బైండు చేయించి షెల్ఫులో పెట్టండి. ఎక్కడా కొనలేని పుస్తకం అదొక్కటే. రాసిన పిల్లలకు, వినే ఓర్పు అనే గుణం దాంతోపాటే అబ్బుతుంది.

దుఃఖంలో ఉన్నవారికి పుస్తకం ఇచ్చేటప్పుడు తొందరపడకండి. అంత్యక్రియల మర్నాడు ఆదరణ గ్రంథం చేతిలో పెట్టడం క్రూరం. అన్నం తీసుకెళ్ళండి, పక్కన కూర్చోండి. కొన్ని నెలలు గడిచి, వచ్చేపోయేవాళ్ళు తగ్గి, ఇల్లు నిశ్శబ్దమైనప్పుడు అడగండి, చదవాలనిపిస్తోందా అని. అవునంటే సి.ఎస్. లూయిస్ 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్' ఉంది. 1960లో భార్య జాయ్ చనిపోయాక ఆయన నోటుపుస్తకాల్లో రాసుకున్నది, మరుసటి ఏడాది మారుపేరుతో అచ్చయింది. క్రైస్తవ విశ్వాసాన్ని రేడియోలో దేశమంతటికీ వివరించి చెప్పిన మనిషి, తన ఇంట్లో చావు వచ్చేసరికి దేవుడి తలుపు మూసి ఉన్నట్టుందని అల్లాడిపోయాడు. ఆ అల్లాటను దాచుకోలేదు. 'నాకు విశ్వాసం తక్కువేమో' అని లోలోపల నలిగిపోతున్న విధవరాలికి అది ఇచ్చే ఊరట ఏ ఉపదేశమూ ఇవ్వదు. ఇంగ్లిష్ రానివారికి మీరే చదివి, రోజుకు కాస్త మీ మాటల్లో చెప్పండి. తెలుగులో కావాలంటే 'ఎడారిలో సెలయేర్లు' మన ఇళ్ళల్లో చాలాకాలంగా ఉన్న పుస్తకం. రోజుకొక్క పేజీ, దుఃఖంలో ఉన్నవారు మోయగలిగేది అంతే.

రోగంతో, నొప్పితో ఉన్నవారి ఇంటికి డాక్టర్ పాల్ బ్రాండ్‌ను పంపండి. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టిన ఈ సర్జన్ వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశాడు. వేళ్ళు కుళ్ళి రాలిపోవడం లేదని, స్పర్శ పోయినందువల్లే దెబ్బ తగిలినా తెలియక పాడవుతున్నాయని తెలుసుకున్నాడు. అందుకే నొప్పిని దేవుడిచ్చిన కాపలాగా చూడటం నేర్చుకున్నాడు. ఫిలిప్ యాన్సీతో కలిసి ఆయన రాసిన పుస్తకాలు నర్సింగ్ చదివే మన పిల్లలకు తప్పక అందాలి. ప్రతి తెలుగు సంఘంలోనూ అలాంటి పిల్లలు ఉండనే ఉంటారు.

సంఘపెద్దల కోసం ఒక్క పుస్తకమే కొనగలిగితే డీట్రిక్ బాన్‌హోఫర్ 'లైఫ్ టుగెదర్' కొనండి. హిట్లర్ కాలంలో రహస్యంగా నడిచిన చిన్న సెమినరీలో విద్యార్థులతో కలిసి బతికిన అనుభవం నుంచి 1939లో వచ్చిన సన్నని పుస్తకం. ఆరేళ్ళ తర్వాత ఆయన్ని ఉరితీశారు. సంఘం ఎలా ఉండాలో తన కలలో కట్టుకుని, ఉన్న సంఘాన్ని ఆ కలతో కొలిచి ద్వేషించేవాడే సంఘాన్ని చెరుపుతాడని ఆయన హెచ్చరిక. ఎన్నికల ముందు కమిటీ సభ్యులంతా కలిసి వారానికో అధ్యాయం చదివితే ఎంత మేలు!

వెనక బెంచీ కుర్రాడికి లావుపాటి పుస్తకం ఇచ్చి భయపెట్టకండి. బ్రదర్ లారెన్స్ మాటలూ ఉత్తరాలూ ఉన్న చిట్టి పుస్తకం ఇవ్వండి: పారిస్ మఠంలో వంటవాడు, గిన్నెల మధ్యే దేవునితో మాట్లాడటం నేర్చుకున్నవాడు, 1691లో చనిపోయాడు. లేదా జాన్ బన్యన్. కుండలు, గిన్నెలకు మాట్లు వేసే వృత్తి, చదువు అంతంతమాత్రం. అనుమతి లేకుండా ప్రసంగించాడని పన్నెండేళ్ళు జైల్లో పెట్టారు. ఆయన రాసిన 'యాత్రికుని ప్రయాణము' మొదటి భాగం 1678లో వచ్చింది. నిరాశ బురదలో కూరుకుపోవడం, సందేహాల కోటలో బందీ కావడం తెలిసిన కుర్రాడు ఆ కథలో తనను తాను చూసుకుంటాడు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగు సంఘాలకు ఈ పుస్తకంతో ఇంకో వీలుంది. అక్కడి పిల్లలకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. అమ్మమ్మలకు ఇంగ్లిష్ రాదు. ఒకే పుస్తకం రెండు భాషల్లో కొని, అమ్మమ్మకు ఒకటి, మనవడికి ఒకటి ఇవ్వండి. వాళ్ళిద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

అనువాదం కొనేముందు ఒక పేజీ పైకి చదివి చూడండి. ఊపిరి అందకపోతే, వాక్యం మధ్యలో కర్త ఎవరో మరచిపోతే, ఆ పుస్తకాన్ని ఎంత గొప్పవారు రాసినా పక్కన పెట్టండి. పాత గ్రాంథికం అయితే వేరే సంగతి: డెబ్బై దాటినవారికి అది ప్రార్థన భాష, వాళ్ళకు హాయిగా ఉంటుంది.

వద్దనడం కూడా నేర్చుకోవాలి. ఇదే కష్టమైన భాగం, ఎందుకంటే పుస్తకాలు దానమిచ్చేవారు మనవాళ్ళే, నొచ్చుకుంటారు. అయినా కొన్నిటిని షెల్ఫు ఎక్కనివ్వకూడదు. నమ్మకం ఉంటే షుగరు మందులు మానేయమనే పుస్తకం ప్రాణాలు తీస్తుంది. ఇంత కానుక వేస్తే ఇంతకు ఇంత వస్తుందని లెక్క చూపే పుస్తకం పేదవాడి జేబు కొడుతుంది. లోకాంతానికి తేదీలు కట్టేవి పిల్లలకు నిద్ర లేకుండా చేస్తాయి. పక్కింటివారి దేవుళ్ళను హేళన చేసేవి మన పిల్లల నోటికి విషం నేర్పుతాయి. రేపు వాళ్ళు ఆ పక్కింటివారితోనే బతకాలి. ఇచ్చినవారికి మర్యాదగా చెప్పండి: 'అన్నా, మీ ప్రేమకు వందనాలు. ముందు మేం చదువుతాం, మా సంఘానికి పనికొచ్చేవి ఉంచుకుంటాం, మిగతావి మీకే తిరిగిస్తాం.' ఈ మాట పుస్తకాలు తీసుకునే ముందే చెప్పాలి. దీనికి పాస్టరు గారి మద్దతు ముందే అడిగి పెట్టుకోండి.

డబ్బు సంగతి కొద్దిగా. పిడికెడు బియ్యం పక్కన తీసి సంఘాలను పోషించిన తల్లుల సంప్రదాయం మనది. నెలకు ఒక్క పుస్తకం కొనే చందా ఏ పల్లె సంఘమైనా పోగు చేయగలదు. ఏడాదికి పన్నెండు పుస్తకాలు, అన్నీ ఎవరో ఒకరు చదివినవే. బైబిల్ నిఘంటువు, పద సూచిక, ఒక మంచి పటాల పుస్తకం మాత్రం చర్చిలోనే ఉంచండి. మిగతావన్నీ ఇళ్ళకు పోవాల్సినవే.

పుస్తకాన్ని పరిచయం చేయడానికి ఆరాధన ప్రకటనల్లో రెండు నిమిషాలు అడగండి. రెండే. కథ మొత్తం చెప్పకండి. ఒక్క ఘట్టం చెప్పి, మనిషి ఇరుక్కుపోయిన చోట ఆపేయండి. కోరీ టెన్ బూమ్ 'ద హైడింగ్ ప్లేస్' పరిచయం చేస్తున్నారనుకోండి. హాలండ్‌లో గడియారాలు బాగుచేసే కుటుంబం, యూదులను ఇంట్లో దాచారు, 1944లో పట్టుబడ్డారు, తండ్రి జైల్లో పోయాడు, అక్క బెట్సీ రావెన్స్‌బ్రుక్ క్యాంపులో పోయింది. యుద్ధం ముగిశాక, కోరీ క్షమాపణ గురించి మాట్లాడిన ఒక సభ చివర, ఆ క్యాంపులో కాపలా ఉన్నవాడే వచ్చి చేయి చాపాడు. ఇక్కడ ఆపి, పుస్తకం పైకెత్తి చూపించి, కూర్చోండి. ఆరాధన అయ్యాక మీ దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు. జనం ముందు మాట్లాడటానికి జంకే యూత్ పిల్లలకు ఈ రెండు నిమిషాలు అప్పగించండి, వంతులవారీగా అందరికీ.

చదవడం రానివారిని వదిలేయకండి. స్త్రీల మీటింగులో పాటలకూ ప్రార్థనకూ నడుమ పది నిమిషాలు ఒకరు పైకి చదివితే, ఆరు నెలల్లో రమాబాయి కథ అందరి సొంతమవుతుంది. పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఊరూరా పాకింది అచ్చు పుస్తకాల్లోంచి మాత్రమే కాదు. ఒకరు పాడితే ఇంకొకరు విని నేర్చుకున్నారు.

పుస్తకం తిరిగొచ్చినప్పుడు 'బాగుందా?' అని అడగకండి. బాగుందనే చెబుతారు, మాట అక్కడితో అయిపోతుంది. 'ఎక్కడ ఆపాలనిపించింది?' అని అడగండి. 'ఎవరి మీద కోపమొచ్చింది?' అని అడగండి. జవాబు విని, రిజిస్టరులో తేదీ పక్కన ఒక్క ముక్క రాసుకోండి. ఆ మనిషికి తర్వాతి పుస్తకం ఏదో ఆ ముక్కే చెబుతుంది. మధ్యలో వదిలేశామని చెప్పడానికి సిగ్గుపడితే, వదిలేయడం తప్పు కాదని చెప్పి ఇంకోటి ఇవ్వండి. తిరిగి రాని పుస్తకాల కోసం జరిమానాలు పెట్టకండి, ప్రకటనల్లో పేర్లు చదవకండి. ఇంటికి వెళ్ళి అడగండి. చాలాసార్లు ఆ పుస్తకం వాళ్ళ చెల్లెలి దగ్గరో, పక్క ఊరి సంఘంలోనో ఉంటుంది. అప్పుడు చేతిలో ఉన్నవారి పేరు కూడా రిజిస్టరులో ఎక్కించి, లైబ్రరీకి ఇంకో కాపీ కొనండి.